కదల్లేదండి

నేను అయస్కాంతానికి అంటని, నువ్వుగింజంత లోహపు ముక్కను. ఆసుపత్రివాళ్ళు క్లిప్పు అంటారు. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, పెరిగింది ప్లాస్టిక్ కవర్లో. రొమ్ములోంచి పరీక్షకోసం సూదితో ముక్క తీశాక, తీసిన చోట గుర్తుగా ఉండిపోవడమే నా ఉద్యోగం. దర్జీ గుడ్డ మీద పెట్టే సుద్ద గీతలాంటిదాన్ని. గీత తప్పు చోట పడితే ఏమవుతుందో నన్ను ఒంట్లో మోస్తున్న వీరవేణికి తెలియదా? కాకినాడలో ఇరవయ్యేళ్ళుగా జాకెట్లు కుడుతోంది.

ఆవిడ అక్క రొమ్ము క్యాన్సరుతో పోయింది. ఆ భయంతోనే పరీక్షలు చేయించుకుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు, మామూలు స్కానింగులోనూ లేదు. ఎమ్మారైలో మాత్రం కందిగింజంత తెల్లమచ్చ కనబడింది. ఆ మెషీన్లోనే చూస్తూ ముక్క తీయాలన్నారు డాక్టర్ సువర్చల. ఒంటి మీద లోహం ఉండకూడదని మంగళసూత్రం తీయించారు. అత్తగారు గొల్లుమంది. "బోసి మెడతో పడుకుంటావటే అమ్మా!" అంటూ పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి మెడలో వేసింది. మెషీన్లోని అయస్కాంతానికి దానితో పేచీ లేదు కాబట్టి డాక్టరమ్మా కాదనలేదు.

బోర్లా పడుకోబెట్టారు. రొమ్మును రెండు పలకల మధ్య బిగించి, మచ్చ తెల్లగా కనబడేందుకు చేతికి మందు ఎక్కించి, అది ఎక్కడుందో ఫోటోలు తీశారు. "ఇక కదలకండమ్మా, కాస్త కదిలినా గురి తప్పుతుంది" అన్నారు. బల్ల బయటికొచ్చింది. డాక్టరమ్మ సూది అందుకోవడానికి అటు తిరిగింది. సరిగ్గా అప్పుడే వీరవేణి మెడలో ముడి జారింది. ఆవిడ గుండె ఝల్లుమంది. భుజం లేపి తాడు గుప్పిట్లో పట్టేసుకుంది.

"కదిలారా అమ్మా?"

"కదల్లేదండి."

సూది గుచ్చి మళ్ళీ ఫోటో తీస్తే అది కనబడింది గాని, మందు పలచబడిపోయి మచ్చ కనబడలేదు. ఆవిడ మాటే నమ్మారు. ముక్కలు తీశారు, నన్ను లోపల వదిలేశారు. తీరా చూద్దును కదా, అయ్యో రామా! మచ్చ వేలి మందం దూరంలో నిక్షేపంగా కూర్చుని ఉంది.

చెడ్డదేమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆరు నెలలకు మళ్ళీ ఎమ్మారై తీయించుకోవాలని కింద రాశారు. పై వాక్యం ఇంటిల్లిపాదీ చదివారు. కింది వాక్యం ఒక్కరూ చదవలేదు. పాయసం వండుకున్నారు. లోపల నేను లబలబలాడుతున్నాను. తప్పు చోట పెట్టారు తల్లీ, అది పెరుగుతోంది, ఆసుపత్రికి వెళ్ళవే అని ఎంత మొత్తుకున్నా వినేదెవరు? నోరులేని బతుకు పగవాడికి కూడా వద్దు.

ఆరో నెలలో ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మొగుడు సత్తిరాజు టీ తాగుతూ, "సుబ్బరంగా ఉన్నావు కదే, మళ్ళీ ఎందుకు?" అన్నాడు.

కుట్టుమిషను ఆగిపోయింది.

"ఆవేళ నేను కదిలానండి. తాడు జారిపోతుంటే మీకేమైనా అవుతుందేమోనని పట్టుకున్నాను. డాక్టరమ్మకి అబద్ధం చెప్పాను."

సత్తిరాజు టీ గ్లాసు కింద పెట్టి చొక్కా వేసుకున్నాడు.

ఆసుపత్రిలో ఎమ్మారై తెర మీద నేను నల్లచుక్కని. నా పక్కన కందిగింజ కాస్తా చింతగింజయింది. డాక్టరమ్మకి అంతా చెప్పేసి, "ఇంకా టైముందా అమ్మా?" అని అడిగింది వీరవేణి. మళ్ళీ ముక్క తీసి చూస్తేగాని చెప్పలేనంది డాక్టరమ్మ. వారానికి మళ్ళీ రమ్మంది.

మళ్ళీ అదే బల్ల, అవే పలకలు, అత్తగారు కట్టిన మరో పసుపుకొమ్ము. మందు ఎక్కించి ఫోటోలు తీశారు. బల్ల బయటికొచ్చింది. వీరవేణి మెడలో ముడి మళ్ళీ జారింది. ఆవిడ గుండె నా పక్కనే దడదడా కొట్టుకుంది. తాడు భుజం మీదుగా జారి, కొమ్ము నేల మీద టక్కున పడింది. వేళ్ళు బల్ల అంచుని బిగించి పట్టుకున్నాయి. కన్నీళ్ళు ముక్కు కొస నుంచి కారుతున్నా తుడుచుకోలేదు.

"కదిలారా అమ్మా?"

"కదల్లేదండి."

సూది ఈసారి నన్ను దాటుకుని తిన్నగా మచ్చలోకి దిగింది. ముక్కలు సీసాలోకి వెళ్ళాయి. ఆలస్యమైందో లేదో అవే చెప్పాలి. అవతల గుర్తుగా మరో క్లిప్పుని వదిలారు. ఇప్పుడు మేమిద్దరం, ఆవిడ గుండె చప్పుడు వింటూ ఆసుపత్రి ఫోను కోసం ఎదురుచూస్తున్నాం.