బస్టాండులో పచ్చదీపం

నేను ఒక గాలి కొలిచే యంత్రాన్ని. మనుషులు తమ ముక్కును తామే నమ్మక నన్ను చేయించుకున్నారు. మన్యం అంచున ఒక ఊరి బస్టాండులో, స్తంభం మీద బిగించారు. గాలి బాగుంటే పచ్చదీపం, చెడితే ఎర్రదీపం. అంతే నా చదువు.

నా కింద చిన్నమ్మడు కూరగాయలు అమ్మేది. ఆమెకు ఉబ్బసం. ఎర్రదీపం వెలిగిన రోజు ఇల్లు కదలొద్దని డాక్టరు చెప్పాడు. అందుకే పొద్దున్నే దేవుడి కంటే ముందు నా మొహం చూసేది. ఆమె మొగుడు సూరప్పడు నన్ను తుడిచే మున్సిపాలిటీ పనివాడు. "మా ఆయన మిషను అబద్దమాడదు" అని ఆమెకు గొప్ప.

ఎండలు ముదరగానే ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు, రాలిన పువ్వు కంటికి కనబడాలని చెట్ల కింద ఆకులు తగలబెడతారు. ఆ ఏడు గాలికి మంట కొండంతా అంటుకుంది. పొగ దిగి ఊరిని కప్పేసింది. నేను ఎర్రబడ్డాను. మర్నాడే శుభ్రమైన ఊళ్లకు బహుమతులిచ్చే బృందం వస్తోంది. మున్సిపల్ కమిషనర్ గారు ఫైరింజన్ని కొండకు పంపక నా దగ్గరికి పిలిపించారు. పైపు సూరప్పడి చేతికిచ్చి, నా చుట్టూ నీళ్లు చిమ్మమన్నారు. తడికి నుసి అణిగి నేను పచ్చబడ్డాను. పిల్లి తన కళ్లు మూసుకుని పాలు తాగుతుందట. ఈయన నా కళ్లు మూశారు.

పొద్దున చిన్నమ్మడు గంప దించి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏటయ్యా, గొంతు మండతంది. ఇంటికెలిపోనా?"

పక్కనే కమిషనర్. సూరప్పడు పెళ్లాం వైపు చూడలేదు.

"పచ్చగున్నాది గదే! కూకో."

నమ్మి కూర్చుంది. బృందం చప్పట్లు కొడుతుండగా వంకాయల మీదికి ఒరిగిపోయింది. ఆసుపత్రికి చేరేలోగా ఊపిరి ఆగింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది నాకు. యంత్రాలకు ఆ సుఖం లేదు.

ఊరికి బహుమతి వచ్చింది. అది నిలబడాలంటే నేను పచ్చగానే ఉండాలట. కొండ ఇంకా కాలుతూనే ఉంది. మూడోనాడు సూరప్పడికి, మళ్లీ నీళ్లు చిమ్మమని కబురొచ్చింది. రాయి పుచ్చుకుని నన్ను పగలగొడతాడనుకున్నాను. పగలగొట్టాలనే కోరుకున్నాను. అతడు కళ్లు తుడుచుకుని పైపు అందుకున్నాడు. నేను మళ్లీ పచ్చబడ్డాను.

చంకలో బిడ్డతో బస్సు దిగిన ఒకామె అతడి దగ్గర ఆగింది.

"బాబూ, పిల్లకి ఆయాసం. ఈ గాలి పరవానేదా?"

సూరప్పడు తలెత్తి నా దీపం వైపు చూశాడు.

"భయమేటీ నేదమ్మా" అన్నాడు.