పట్టా కప్పిన మిషను

రత్తయ్య గుమ్మంలో కనపడగానే మోజెస్ మోటారు ఆపి, మిషను మీదికి టార్పాలిన్ పట్టా లాగేశాడు. లాగాక గానీ ఆ పని చేసింది తన చెయ్యేనని అతనికి తెలియలేదు.

నందిగామలో మోజెస్‌కీ, జగ్గయ్యపేటలో రత్తయ్యకీ వెల్డింగు షెడ్లున్నాయి. ఒకరు కొత్తది మొదలుపెడితే రెండోవాడు వచ్చి చెయ్యి పెట్టాల్సిందే. పత్తికి మందు కొట్టే బండి అలాగే తయారైంది. అందులో ఎవరి ఊహ ఏదో ఇద్దరికీ గుర్తులేదు.

మిరపకాయల తొడిమలు తీసే ఈ మిషను మాత్రం మోజెస్ ఒక్కడే చేస్తున్నాడు. రోలరు తిరిగితే తొడిమ ఊడుతోంది గానీ, కాయ పగిలి గింజలు రాలుతున్నాయి. కాయ కల్లాల మీదికి వచ్చేలోగా అది కుదరాలి.

"చట్టం ఇప్పుడు గట్టిగా ఉందండీ. పేటెంటు వచ్చిందంటే మీ మిషను ఎవడూ ముట్టుకోలేడు. అప్లికేషన్ వేసేదాకా ఎవరికీ చూపించకండి," అని వారం కిందటే చెప్పాడు విజయవాడలోని పేటెంటు ఏజెంటు.

'ఎవరికీ' అనగానే మోజెస్ కళ్ల ముందు మెదిలింది రత్తయ్య ముఖమే. అందుకు తనమీద తనకే భయం వేసింది.

"ఏందిరా, శవానికి కప్పినట్టు కప్పావు?" అన్నాడు రత్తయ్య లోపలికొస్తూ.

"పేటెంటుకి వేస్తున్నా అన్నా. చూపించకూడదంట."

"పేటెంటంటే? పేటోళ్లకి ఎంట్రీ లేదనా?" రత్తయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వు కళ్లదాకా వచ్చిందో లేదో మోజెస్ చూశాడు. "మోటారు రోడ్డు మీదికే వినపడిందిలే. కింద గింజలు చూస్తేనే తెలుస్తోంది, కాయ పగుల్తోంది కదూ? నీ రోలరు..."

"టీ తాగుదాం పద అన్నా."

ఆ మాట పూర్తయితే మిషను ఎవరిదవుతుంది?

రత్తయ్య వెళ్లాక మోజెస్ షెడ్డు గోడ రేకుల్లో ఉన్న మేకుల బెజ్జాలన్నీ పూడ్చాడు. కాయ పగులుతూనే ఉంది. రత్తయ్య ఈపాటికి ఏం చేస్తుంటాడన్న ఆలోచన మాత్రం రోజురోజుకీ పదునెక్కింది.

చివరికి, బేరింగుల కోసమని తనకు తానే చెప్పుకుని, పేట బస్సెక్కాడు.

రత్తయ్య షెడ్డు షట్టరు సగం దించి ఉంది. లోపల మోటారు తిరుగుతోంది. పిలిస్తే రత్తయ్య వంగి బయటికొచ్చి, షట్టరు పూర్తిగా కిందికి లాగేశాడు. అతని భుజం మీద ఒక మిరప తొడిమ. కాయ ముక్క అంటకుండా శుభ్రంగా ఊడి వచ్చింది.

"అది నా మిషనేనా అన్నా?"

"నువ్వు చూపించావా, నేను చూశానా?" రత్తయ్య నవ్వలేదు. "నాకూ ఓ ఏజెంటు దొరికాడ్లే."

లోపల ఏదో ఫట్టుమంది. మోటారు ఉత్తినే గిర్రున తిరగసాగింది.

"మళ్లీ తెగింది. బెల్టు నిలవట్లేదురా," అనేసి, అనకుండా ఉండాల్సిందన్నట్టు రత్తయ్య పెదవి కొరుక్కున్నాడు.

బెల్టు తిరిగే పుల్లీ చిన్నదైంది. మోజెస్‌కి తెలుసు, తన మిషనుకీ మొదట్లో అదే జరిగింది.

"ఆ రోజు రోలరు గురించి ఏదో అనబోయావు?" అన్నాడు.

రత్తయ్య భుజం మీది తొడిమ దులిపేసుకున్నాడు. "ఏమోరా. గుర్తులేదు."

"బెల్టుదేముందన్నా," అన్నాడు మోజెస్ మెల్లగా. "వేరే కంపెనీది వేసి చూడు."