నీలి అద్దంలో ఊదా మంట

మానిటర్ మీద నాడి అంకె ముప్పై ఆరుకు పడిపోయింది.

వేలూరు ఆసుపత్రిలో నర్సులు చంద్రశేఖరం మంచం చుట్టూ తెర లాగారు. లోపల్నుంచి డాక్టర్ భువన గొంతు వినిపిస్తోంది. కాల్షియం ఇంజెక్షన్. ఆ తర్వాత ఇన్సులిన్, గ్లూకోజ్. తెర బయట కోడలు యోగిత ఫ్లాస్క్ పట్టుకుని నిలబడింది. అందులో ఆమె పొద్దున గుడియాత్తం నుంచి తెచ్చిన గంజి. ఉప్పు వేయని గంజి.

ఇరవై నిమిషాలకు భువన బయటికి వచ్చింది.

"నిన్న పొటాషియం ఐదుకు దిగింది. ఇవాళ ఏడున్నర. కిడ్నీలు దాన్ని బయటికి తొయ్యలేవు. అరటిపండు, కొబ్బరినీళ్లు ఏమైనా ఇచ్చినారా?"

"ఏమీ లేదు డాక్టర్."

"ఏదో లోపలికి పోతా ఉండాది. కనుక్కోండి. ఇంకొకసారి ఇట్లా పెరిగితే గుండె నిలబడుతుందని నేను చెప్పలేను."

ఆడబిడ్డ ఇంద్రాణి కుర్చీలోంచి లేచింది. "కనుక్కునేదేముండాది? మూడు దినాలుగా మా నాయన కడుపులోకి పోయింది ఈమె తెచ్చిన గంజే. స్కూల్లో కెమిస్ట్రీ చెప్తాది కదా, ప్రాక్టికల్స్ మా నాయన మీద చేస్తా ఉండాది."

"ఊరుకోవే ఇంద్రా," అంది అత్త అలమేలుమంగ.

నర్సు కాగితంతో వచ్చి పేషెంట్ పేరడిగింది. అలమేలుమంగ కూతురి వైపు చూసింది. నలభై నాలుగేళ్ల కాపురంలో భర్త పేరు ఆమె నోటినుంచి రాలేదు. రేషన్ కార్డు ఆఫీసులోనూ కొడుకు పేరు పెట్టి "విమల్ వాళ్ల నాయన" అనే అంది. పేరు ఇంద్రాణే చెప్పింది.

యోగిత ఫ్లాస్క్‌నూ, మామ తాగి పెట్టిన గిన్నెనూ సంచిలో వేసుకుని తన స్కూలుకు పోవడానికి కారెక్కింది. పళ్లికొండ టోల్‌గేటు దగ్గర లారీల వెనక పది నిమిషాలు పోయాయి. ఆ పది నిమిషాల్లో ఫోన్ నాలుగుసార్లు చూసింది.

స్కూల్ వాచ్‌మన్ పెరుమాళ్ ల్యాబ్ తాళం తీశాడు. "ఆదివారం కూడా పాఠమా టీచర్?"

"ఒక్కటే పాఠం. బర్నర్ వెలిగించు."

ఆమె సన్నని తీగను ఫ్లాస్క్‌లోని గంజినీళ్లలో ముంచి మంటలో పెట్టి, నీలి అద్దంలోంచి చూసింది. ఏమీ లేదు. తీగను యాసిడ్‌తో కడిగి, గిన్నె అడుగున మిగిలిన తడిలో ముంచింది. మామూలు కంటికి మంట పసుపుగానే ఉంది. సోడియం ఏ కాస్త ఉన్నా పసుపు రంగు మిగతావాటిని కప్పేస్తుంది. నీలి అద్దం అడ్డం పెట్టగానే పసుపు పోయింది. ఊదా రంగు మిగిలింది.

పొటాషియం.

భూమిలోంచి తవ్వి, మామూలు ఉప్పును వేరుచేసి తీసే పొటాషియం క్లోరైడ్. చెరకు తోటకు ఎరువు, బీపీ ఉన్నవాళ్లకు ఉప్పుకు బదులు, ఆసుపత్రిలో చుక్కచుక్కగా ఎక్కించే మందు. మంచి కిడ్నీ ఎక్కువైనదాన్ని తోసేస్తుంది. మామ కిడ్నీకి ఆ బలం లేదు.

ఫ్లాస్క్‌లో లేనిది గిన్నెలోకి వచ్చింది. గంజి పోసింది ఇంద్రాణి.

యోగిత ఫోన్ చేసింది. "వదినా, గిన్నెలో ఏం కలిపినావు?"

"తిరిగి నన్నే అడుగుతావా? నేను పోసిచ్చి మందులకు పోయినా. ఇప్పుడు నాడి అరవైకి వచ్చింది, ఆకలంటే క్యాంటీన్ గంజి పోసినా. తాగబోతా ఉండాడు."

"మామ చేతిలో ఏముండాది?"

"ఇంకేముంటాది, ఆ ముక్కుపొడి డబ్బీ. పొడి మానేసి ఏడాదైనా దాన్ని వదలడు."

"గిన్నె లాక్కో వదినా. డబ్బీ తెరువు."

స్టీలు గిన్నె దేనికో తగిలిన చప్పుడు. ఆ తర్వాత ఇంద్రాణి గొంతు మారింది. "తెల్లగా ఉండాది. పొడి కాదు."

"ఇట్లా తే," అంది అలమేలుమంగ. మామది ఉప్పు అంగడి; ఆ ఇంటి ఇల్లాలు ఒక్క రవ్వ నాలుకకు తగిలించుకున్నట్టుంది. "ఉప్పే. కడాన చేదు."

మామ నీరసమైన గొంతు వినిపించింది. "అది ఉప్పు కాదే. అంగడికొచ్చే ఉప్పు కంపెనీ ఆయన, గోపినాథ్, సాంపిల్ ఇచ్చినాడు. సోడియం లేదన్నాడు. డాక్టర్ వద్దనింది సోడియమే కదా. మరక్కాణం ఉప్పా, తూత్తుకుడి ఉప్పా నాలుకతోనే చెప్పేవాణ్ణి, ఆ చప్పిడి గంజి ఎట్లా తాగేది?"

అడుగుల చప్పుడు. తర్వాత డాక్టర్ భువన. "దొరికిందంట? యారు కలందాంగ? ఎవరు కలిపినారో చెప్పండి, కేస్ షీట్‌లో రాయాల."

యోగిత బర్నర్ ఆపి ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించింది.

"రాసుకోమ్మా," అంది అలమేలుమంగ. "నా కోడలు కాదు, కూతురూ కాదు. చంద్రశేఖరం."