తొట్టి మీద వెలుతురు

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే పని ఆవిడది. ముందు గదిలో కళ్ళు పరీక్షించేది ఆవిడ భర్త. వీధి చివర కరెంటు సామాన్ల కొట్టు నడుపుతూ, భోజనం కాగానే ఇక్కడ తేలేది ఆవిడ తమ్ముడు. బావా బావమరుదుల మధ్య ఇప్పుడు నలుగుతున్న తగాదా, షాపులో పెట్టిన చేపల తొట్టి గురించి.

చేపలకేం, నిక్షేపంలా ఉన్నాయి. మొక్కలే దిగాలుపడ్డాయి. ఆకులు పసుపుబారి, కాడలు మాత్రం వెలుతురు కోసం సాగి సాగి పైకి పాకుతున్నాయి. పాత బల్బు మార్చాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది అంతవరకే.

“ఎండ రంగు ఉండాలి. డబ్బా మీద వెలుతురు రంగు ఐదు వేల కెల్విన్ అని ఉన్నది చాలు,” అన్నాడు భర్త.

“దాంతో నీళ్ళు టీలా కనిపిస్తాయి బావా. పది వేలది పెడదాం. నీలంగా అదిరిపోతుంది,” అన్నాడు తమ్ముడు.

“ఇరవై ఏళ్ళుగా కళ్ళతో పని నాది.”

“పదిహేనేళ్ళుగా లైట్లతో పని నాది!”

నాలుగు రోజులు ఇదే తంతు. ఎవరి బల్బు వాళ్ళు తెచ్చి షాపులో పెట్టారు కూడా. చివరికి షాపుకొచ్చిన ఒక పెద్దాయన్ని తీర్పు చెప్పమన్నారు. కళ్ళజోడు విరిగి వచ్చానని, తనకి తొట్టే సరిగ్గా ఆనడం లేదని ఆయన మొత్తుకున్నాడు.

ఐదో రోజుకి ఆవిడ ఓపిక అడుగంటింది. వెనక గదికి కిటికీ లేదు. అద్దాల మీద గీతలు తెలియాలని బల్ల మీద తెల్ల బల్బు పెట్టుకుంది. దాని కింద సీసాలో పడేసిన తీగ మొక్క, పట్టించుకునే నాథుడు లేకపోయినా ఏపుగా అల్లుకుపోయింది. ఆ బల్బు డబ్బా వెతికి చూసింది. ఆరున్నర వేలు, పగటి వెలుతురు అని ఉంది. ఆవిడ పెదవుల మీదికి నవ్వొచ్చింది.

“ఇద్దరూ కూర్చుని కళ్ళు మూసుకోండి,” అంది. “రెండు బల్బులూ ఒకదాని తర్వాత ఒకటి వేస్తాను. ఏది బాగుందో చెప్పండి.”

స్విచ్చి ఆపి, తన బల్బు బిగించి వెలిగించింది. చూడమంది. మళ్ళీ మూయమంది. డబ్బాలు గట్టిగా చప్పుడు చేసి, అదే బల్బుని విప్పి, అక్కడే బిగించింది.

“ఇప్పుడు చెప్పండి. మొదటిదా, రెండోదా?” కళ్ళు పరీక్షించేటప్పుడు భర్త రోజూ అడిగే గొంతుతోనే అడిగింది.

“మొదటిదే! ఆ వెచ్చదనమే వేరు,” అన్నాడు భర్త.

“రెండోది! ఆ నీలి ఛాయ చూడు బావా!”

“దానికి చేపలు బెదిరిపోతుంటేనూ?”

ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. కడుపు పట్టుకుని నవ్వి, సీలు విప్పని రెండు డబ్బాలూ వాళ్ళ ఒళ్ళో పెట్టింది. “రెండుసార్లూ నా బల్బే!”

భర్త కళ్ళజోడు తీసి అదే పనిగా తుడవడం మొదలుపెట్టాడు.

“నాకు మధ్యలో అనుమానం వచ్చిందక్కా...” నసిగాడు తమ్ముడు.

“వచ్చింది, వచ్చింది. నోరు మూసుకుని టైమరు తెచ్చి పెట్టు. రోజంతా వెలిగితే పాచి పడుతుంది.”

రోజుకి ఎనిమిది గంటల లెక్కన ఆ బల్బే వెలిగింది. మూడో వారానికి లేతాకులు గుబురుగా వేశాయి. కళ్ళజోడు కోసం వచ్చిన ఒకావిడ ముచ్చటపడి, “ఈ లైటు ఎవరు చూసి పెట్టారండీ?” అని అడిగింది.

“నేనే!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

వెనక గదిలో మిషను టక్కున ఆగింది.

“అంటే... ఇంట్లోవాళ్ళని కూడా ఒక మాట అడిగాం లెండి,” అన్నాడు భర్త.