ఆకుకి రెండువైపులా

ఏప్రిల్ వచ్చిందంటే మొక్కల పరీక్షలు చేసే వాల్బుర్గాకి ప్రాణం విసిగిపోయేది. అడవిలో ఎలుగుబంటి వెల్లుల్లి అనే వాసన ఆకుకూర మొలవడం, జనం బుట్టలు పట్టుకుని ఎగబడడం, ఎవరో ఒకరు పక్కనే పెరిగే విషపు మొక్క ఆకులు కూడా కోసుకొచ్చి, నూరుకుని తిని ఆసుపత్రి పాలవడం. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. తినగా మిగిలిన ముద్ద ఆమె బల్ల మీదికి వచ్చేది, అందులో ఏ ఆకు ఉందో తేల్చమని.

ఈసారి ముద్ద డబ్బా తెచ్చింది ఎదురింటి ఎగ్యడ్. అతని భార్య ఒట్టీలియాకి నిన్నటి నుంచి ఆగని వాంతులు. తనకి కడుపుమంటని అతను మాత్రం ఆ ముద్ద ముట్టకుండా గుడ్డుతో సరిపెట్టుకున్నాడు. విషమే అయితే ఆమెని తక్షణం గ్రాట్స్ నగరంలోని పెద్దాసుపత్రికి తరలించాలి. ఊరి డాక్టరు వాల్బుర్గా ఫోను కోసం కాచుకుని ఉన్నాడు.

"నేను పొరబడే మనిషినా వాల్బుర్గా? ప్రతి ఆకూ నలిపి వాసన చూశా. ఇదిగో, నువ్వు రాసిన కాగితమే!"

ఆ కాగితం పాతికేళ్ల కిందట ఆమె అచ్చేయించి ఊరంతా పంచింది. నలిపి చూడండి, వెల్లుల్లి వాసన వస్తే తినే ఆకే. విషం తిన్నవాళ్లందరూ వాసన చూశామనే అనేవాళ్లు. ఒక్కరినీ ఆమె నమ్మలేదు.

తొందరలో చేతి తొడుగులు కూడా వేసుకోకుండా ముద్ద కడిగి, ఆకు ముక్కల్ని గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. వెల్లుల్లి ఆకుకి శ్వాసరంధ్రాలు ఒకవైపే, విషపు ఆకుకి రెండువైపులా. మొదటి ముక్క అంతే. రెండోదీ అంతే. మూడోదానికి రెండువైపులా ఉన్నాయి, వరసలు వరసలుగా.

కొల్చిసిన్. ఒంట్లో కణాలు చీలి పెరగకుండా ఆపేసే విషం, విరుగుడు లేనిది.

"విషమే. బయలుదేరదీయండి," అంది ఫోనులో.

"వాసన వచ్చిందమ్మా! ఒట్టు!" ఎగ్యడ్ కాగితం ఆమె ముందు ఆడించాడు.

ఆమెకి ఒళ్లు మండింది. కిటికీలో నమూనాకి పెంచుతున్న విషపు మొక్క నుంచి ఆకు తుంచి, నలిపి, "ఇదిగో, దీనికి ఏ వాసనా..." అంటూ ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఘాటుగా వెల్లుల్లి వాసన.

ఆకుది కాదు, ముద్ద అంటిన ఆమె వేళ్లది. మొదటి వెల్లుల్లి ఆకు నలిపాక ఇక ఏ ఆకు ముట్టుకున్నా అదే వాసన. కాగితంలో ఆ ఒక్క ముక్కా లేదు. ఆమె ఆకుని బల్ల మీద పెట్టింది.

"నువ్వు పొరబడలేదు ఎగ్యడన్నా. తప్పు నేను రాశాను."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ మాట ఒట్టీలియా లేచాక నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మదు."