గోడ మీద వీపులు

ఆ స్టూడియోలో పొద్దున్నే మొదటి పని లెన్సు తుడవడం. రెండోది, రాత్రికి రాత్రి ఎవరెవరు తిరిగిపోయారో చూసుకోవడం.

మేనత్త టీ తాగుతూ కూర్చుంటే, మేనకోడలు ముందురోజు ఫొటోలు బల్ల మీద పరిచేది.

"లాయరుగారు బాగానే ఉన్నారత్తా. కవలల్లో ఒకడు తిరిగిపోయాడు."

చూస్తే నిజమే. ఒక పిల్లాడు నవ్వుతున్నాడు. రెండోవాడి ముఖం ఉండాల్సిన చోట నూనె రాసి దువ్విన వెనక తల, చొక్కా కాలరు. మనసొప్పకుండా దిగిన ఫొటో ఏదైనా సరే, అక్కడ తెల్లారేసరికి వీపు చూపించేది. దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. "మా ఆయన తిరిగిపోయాడండీ, మళ్లీ తీయాలి" అని, కుట్టు ఊడిన జాకెట్టు దర్జీకి ఇచ్చినంత మామూలుగా తెచ్చి ఇచ్చేవాళ్లు.

మేనకోడలు పదకొండేళ్లు టికెట్ల కౌంటర్లో కూర్చుని, ముప్పై నాలుగో ఏట కెమెరా పట్టింది. మొదటి నెలలో నలభై రెండు వీపులు తీసింది. ఖరీదైన కెమెరా కొంటే ఫొటో దానంతటదే వస్తుందనుకుంది పాపం. అలా అనుకునేవాళ్లకి లోకంలో కొదవలేదు. గరిటె వెండిదైతే కూర దానికదే కుదురుతుందనుకునే బాపతు వాళ్లు. ఉప్పెవరు వేస్తారో మరి!

"కోడలు పిల్లా, అలా మీద పడిపోకు" అనేది అత్త. "దగ్గర్నించి తీస్తే ముక్కు ఊరంత అవుతుంది. నాలుగడుగులు వెనక్కి రా, జూమ్ చేసుకో. మనిషిని కిటికీకి ఎదురుగా కాదు, పక్కగా కూర్చోబెట్టు. వెలుగు పక్కనుంచి పడితేనే ముఖంలో ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఫోకస్ నీకు దగ్గరున్న కంటి మీద పెట్టు. కన్ను మసకైతే మిగతాదంతా దండగ."

"నవ్వమని చెప్పనా అత్తా?"

"చెప్పి చూడు. పళ్ల డాక్టరు దగ్గరకొచ్చినట్టు నోరు తెరుస్తారు. కబుర్లలో పెట్టు. అయిపోయిందన్నట్టు కెమెరా కాస్త దించు. అప్పుడు హమ్మయ్య అని ఊపిరి వదుల్తారు చూడు, అదీ అదను."

ఈ పాఠాలన్నీ వంటబట్టాయనుకుంటున్న రోజుల్లో వచ్చింది పానా అక్క. బస్సు డిపోలో ఇరవై మూడేళ్లుగా మెకానిక్కు. బోల్టులు బిగించే పానా చేతిలోంచి దిగదు కాబట్టి ఆ పేరు. ఎప్పుడో రేడియేటర్ మూత పేలి మరుగునీళ్లు చిమ్మితే, ఎడమ చెవి నుంచి గడ్డం దాకా కాలిన మచ్చ మిగిలింది. డిపోలో ఫోర్‌మన్ పదవి ఖాళీ అయింది. వరస ప్రకారం ఆవిడదే. కాకపోతే అక్కడో నిబంధన ఉంది: ముఖం కనపడే ఫొటో ఆఫీసు గోడకి ఎక్కితేనే పదవి. శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా ఎక్కకపోతే తర్వాతి మనిషికి పోతుంది. ఆ తర్వాతి మనిషి మేనేజరు బావమరిది. బోల్టు ఎటు తిప్పితే బిగుస్తుందో ఇప్పటికీ నలుగుర్ని అడిగి తిప్పే ఘనుడు.

గురువారం మేనేజరు స్వయంగా ఆవిడ వెంట వచ్చాడు.

"ఆ మచ్చ కనపడకూడదమ్మా. ప్రయాణికులు దడుచుకుంటారు."

"అలాగే సార్" అంది మేనకోడలు. పానా అక్కని కుడి చెంప కనపడేట్టు కూర్చోబెట్టింది. గడ్డం దగ్గర మిగిలిన కాస్త మచ్చనీ కంప్యూటర్లో తుడిచేసింది. శుక్రవారం తెల్లారేసరికి ఫొటోలో జుట్టు ముడి, ఖాకీ కాలరు ఉన్నాయి. వెనక తెర మార్చి, దీపం మార్చి మళ్లీ తీసింది. శనివారం పొద్దున కూడా అదే ముడి, అదే కాలరు.

"ముడి మాత్రం బాగా కుదిరిందమ్మాయ్" అంది పానా అక్క, ఫొటో అటూ ఇటూ తిప్పి చూస్తూ. "దీన్నే ఫోర్‌మన్ చేయమను."

మేనకోడలికి ఏడుపొక్కటే తక్కువ. "అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను కదత్తా. ఎక్కడ తప్పింది?"

"ఎలా తీయాలో ఎవర్నడిగావు?"

"మేనేజరుగార్ని."

"ముఖం ఎవరిది?"

మేనకోడలు బల్ల దగ్గరున్న స్టూలు తెచ్చుకుని పానా అక్క కళ్లకి సమానంగా కూర్చుంది.

"అక్కా, మీకెలా కావాలి?"

పానా అక్క ఎడమ చెంప మీద వేలు పెట్టింది. "ఈ మచ్చ నేనెవరింట్లోనూ దొంగిలించి తెచ్చుకోలేదు. దీన్నే కిటికీ వైపు పెట్టు."

పెట్టింది. బ్రేకులు ఎందుకు కీచుమంటాయని అడిగింది. పావుగంట చెప్పింది పానా అక్క. చెప్పి, "అర్థమైందా?" అని ఊపిరి వదిలింది. ఆ క్షణాన తీసింది మేనకోడలు. ఒకటే తీసింది. తిరుగుతుందో లేదో తెల్లారేదాకా ఆగి చూసే వ్యవధి లేదు. ఫ్రేము కట్టుకుని ఇద్దరూ డిపోకి పరిగెత్తారు.

మేనేజరు ఫొటో చూసి, ముఖం చిట్లించి, టక్కున సొరుగులో పడేశాడు.

"పన్నెండు కొట్టగానే ఫొటో అందలేదని రాస్తాను."

"అందింది సార్. మీ సొరుగులోనే ఉంది" అంది మేనకోడలు.

"నా సొరుగులో ఏముందో చెప్పడానికి నువ్వెవరు?"

"ఆ ఫొటో తీసినదాన్ని."

సరిగ్గా అప్పుడే గోడ మీద చిన్న కిర్రు వినిపించింది. నలభై ఏళ్లలో పనిచేసిన పన్నెండు మంది ఫోర్‌మన్‌లు, వాళ్ల పక్కన మేనేజరు, అందరి ఫొటోలూ అత్త తీసినవే. వాళ్లు తెల్లారేదాకా ఆగలేదు. మొదట గుబురు మీసాల పెద్దాయన, తర్వాత కళ్లజోడాయన, ఆ తర్వాత వరసగా అందరూ, బస్సులో సీటు మారినంత నింపాదిగా అటు తిరిగి కూర్చున్నారు. చివరికి మేనేజరు ఫొటో కూడా తిరిగింది. తనకి వెనక అంత బట్టతల ఉందని మేనేజరుకి అప్పుడే తెలిసింది.

హెడ్ గుమస్తా దగ్గాడు. "సార్, మీరిక ఏం రాసినా చెల్లదు. ముఖం కనపడే ఫొటో గోడ మీద లేనివాళ్లు సంతకం పెట్టకూడదు. నిబంధన ఏడు."

"అది నా ఫొటోనేనయ్యా!"

"మీదే సార్, కాదనను. నిబంధన మాత్రం ముఖం గురించే ఉంది."

మేనేజరు ఫ్రేము దించి వెనక్కి తిప్పి చూశాడు. అట్ట తప్ప ఏం లేదు. మళ్లీ తగిలించాడు. తలుపు దగ్గర డ్రైవర్లు, కండక్టర్లు మూగారు. ఎవరూ నవ్వడం లేదు, నవ్వినా బాగుండేది. పన్నెండుకి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. సొరుగు లాగాడు. పానా అక్క కాగితంలోంచి సూటిగా చూస్తోంది, మచ్చ చెంప వెలుగులో ఉంది. ఆయనే స్టూలెక్కి, ఆయనే మేకు కొట్టి, ఆయనే తగిలించాడు. అప్పుడు తిరిగారు వాళ్లంతా ఇటు, తీరిగ్గా, ఒకరి తర్వాత ఒకరు. ఆయన ఫొటో అందరికంటే ఆఖర్న తిరిగింది. పానా అక్క పదవి కాగితం మీద ఆయన సంతకం పెట్టాడు.

సిరా ఆరకముందే పానా అక్క కిటికీలోంచి వంగి ఆవరణలోకి కేక వేసింది.

"ఏయ్! ఆపు దాన్ని. బ్రేకులు బాగోలేవని నిన్ననే చెప్పాను. ఆ బస్సు కదలదు."

"ప్రయాణికులు ఎక్కేశారు!" అన్నాడు మేనేజరు.

"దిగుతారు."

మేనేజరు నోరు తెరిచి గోడకేసి చూశాడు. పద్నాలుగు మంది అతన్నే చూస్తున్నారు. అందులో ఒకడు తనే. నోరు మూసుకున్నాడు.

కింద ప్రయాణికులు ఒక్కొక్కరే దిగుతున్నారు.