షెమర్యా ఇచ్చిన మాట

పరదేశానికి చెరపట్టి తెచ్చిన యూదావాళ్లంతా ఆ సాయంత్రం కెబారు కాలువ గట్టున ప్రవక్త షెమర్యా చుట్టూ చేరారు. తూరు రాజు తనను తాను దేవుడినని చాటుకున్నాడని కబురొచ్చింది. అలాంటి కబురు ప్రవక్త నోట పడితే ఇంక చెప్పేదేముంది!

"నడిసముద్రంలో సింహాసనం వేసుకుని నేనే దేవుణ్ణి అంటున్నాడట! గొంతులో చేపముల్లు అడ్డం పడితే ఎవరికి మొక్కుకుంటాడో పాపం! యెహోవా సెలవిచ్చేదేమంటే, వాడు మట్టిలో కలుస్తాడు!"

జనం పగలబడి నవ్వారు. షెమర్యా గడ్డం నిమురుకున్నాడు. పొగిడితే పొంగని ప్రవక్త ఇంకా పుట్టలేదు మరి.

నవ్వులు సద్దుమణిగాక హొగ్లా ముందుకొచ్చింది. చావు దుఃఖానికి గుర్తుగా ఒంటి మీద గోనెపట్ట, తల నిండా బూడిద. మూడు నెలల కిందట ఆమె భర్త మత్తన్యా జ్వరంతో పడుంటే, "బతుకుతాడు, ఇది యెహోవా మాట" అని షెమర్యాయే చెప్పి వచ్చాడు. నాలుగో రోజుకి మత్తన్యా పోయాడు.

"ప్రవక్తగారూ, ఒక్కటి అడుగుతాను. ఆయన గంజి అడిగాడని, నిప్పు ముట్టించకూడని విశ్రాంతిదినాన పొయ్యి రాజేశాను. అందుకేనా దేవుడు ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడు? మా ఆయన్ని చంపుకున్నది నేనేనా?"

"ఇంకేముంటుందమ్మా, అదే అయ్యుంటుంది," అన్నాడో పెద్దాయన.

షెమర్యా తల ఊపితే చాలు, పరువు దక్కేది. కానీ అసలు సంగతి అతనికి తెలుసు. ఆ రోజు దేవుడు ఏమీ చెప్పలేదు. తెలియదనడానికి నామోషీపడి, తన మాటకే ఆయన పేరు తగిలించాడు. తూరు రాజు సింహాసనమెక్కి చేసిన పాపం తాను ఈమె గుమ్మంలో నిలబడి చేశాడు. అబద్ధ ప్రవక్తకు చావే శిక్షని అందరికీ బోధించిందీ తనే.

"యెహోవా సెలవి..." అని అలవాటుగా మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు. "లేదమ్మా. దేవుడు మాట వెనక్కి తీసుకోలేదు, అసలు ఇవ్వనే లేదు. అది నేనన్న మాట. నీ పొయ్యికీ అతని చావుకీ సంబంధం లేదు."

పెద్దాయన మెల్లగా లేచి నిలబడ్డాడు.

"బతుకుతాడన్నావని కడసారి నాలుగు మాటలైనా మాట్లాడుకోలేదయ్యా," అంది హొగ్లా. "ఆయనేదో చెప్పబోతే, రేపు చెబుదువుగాని పడుకో అన్నాను."

షెమర్యా తల వంచుకున్నాడు.

"మరి నా తప్పు లేదంటున్నావే, ఇదెవరి మాట?"

"నాదేనమ్మా."

"నీ మాటైతే ఎలా నమ్మను?" అంటూ ఆమె తల మీద పోసుకోవడానికి, గట్టు మీది ఆరిన నెగడులోంచి మళ్లీ దోసిట్లోకి బూడిద తీసుకుంది.